బోల్టు లేని అద్దానికి పట్టు ఎక్కడిది?

ఇల్లు, కట్టడం: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు అద్దం గోడల గురించే. ఊరూరా షాపింగ్ కాంప్లెక్సులు, ఆసుపత్రులు, కల్యాణ మండపాలు అద్దాలు తొడుక్కుంటున్నాయి కాబట్టి ఆశ్చర్యం లేదు. గ్లేజింగ్, అంటే భవనాలకు అద్దాలు బిగించే పని, దాని తనిఖీ నా వృత్తి. అందుకే ఈ సంచికను పూర్తిగా ఆ ఉత్తరాలకే కేటాయించాను.

ప్రశ్న: మాది విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో ఐదంతస్తుల భవనం. కింది రెండంతస్తులు షాపులకు ఇచ్చాం. ముందు వైపంతా అద్దాలు బిగిస్తానని కాంట్రాక్టరు డ్రాయింగు తెచ్చాడు. అందులో ఎక్కడా స్క్రూ లేదు, బయట పట్టీ లేదు. "అంతా సిలికానే పట్టుకుంటుందండీ" అంటున్నాడు. హుద్‌హుద్ రోజు మా వీధిలో ఏం జరిగిందో కళ్లారా చూసినవాళ్లం. ఒట్టి జిగురుతో అంతంత అద్దాలు తుఫానుకు ఆగుతాయా?
– అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి, విశాఖపట్నం

జవాబు: ఆగుతాయండీ. లెక్క వేసి, శుభ్రం చేసి పెట్టి, గట్టిపడేదాకా కదపకుండా ఉంచితే ఆగుతాయి. వీటిలో ఏ ఒక్కటి తప్పినా ఆగవు. కాబట్టి మీ భయాన్ని కాంట్రాక్టరు నవ్వి తీసిపారేస్తే ఒప్పుకోకండి.

అద్దం బరువుకు సిలికాన్ సాగి ఊడిపోతుందేమోనని చాలామంది భయపడతారు. 1.2 మీటర్ల వెడల్పు, 2.4 మీటర్ల ఎత్తు ఉన్న డబుల్ గ్లాసు ప్యానెల్, అంటే రెండు 6 మిల్లీమీటర్ల అద్దాలది, దాదాపు 86 కిలోలు తూగుతుంది. మంచి పనిలో ఆ బరువు సిలికాన్ మీద పడదు. అద్దం అడుగున అల్యూమినియం ఆధారం ఉంటుంది, దాని మీద సెట్టింగ్ బ్లాకులు, అంటే అద్దం కూర్చునే చిన్న దిమ్మలు ఉంటాయి, బరువును అవే మోస్తాయి. సిలికాన్‌కు అసలు పరీక్ష గాలి పెట్టేదే. గాలి అద్దాన్ని లోపలికి నెట్టడమే కాదు, బయటికి పీలుస్తుంది కూడా. నెట్టినప్పుడు అద్దానికి వెనక ఫ్రేము ఆసరా ఉంటుంది. పీల్చినప్పుడు దాన్ని ఆపేది సిలికాన్ ఒక్కటే.

ఆ పీల్పు ఎంతుంటుందో గాలి భారాల మీద మన దేశ ప్రమాణం, ఐఎస్ 875 మూడో భాగం చెబుతుంది. అందులో విశాఖకు లెక్కకు ఆధారంగా తీసుకునే బేసిక్ గాలివేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. హైదరాబాద్‌కు 44 మీటర్లు. ఆరు మీటర్ల తేడాయే కదా అనిపిస్తుంది. కానీ ఒత్తిడి లెక్కలో వేగాన్ని వేగంతోనే హెచ్చించి, దాన్ని 0.6తో గుణించాలి. అలా చేస్తే హైదరాబాద్‌కు చదరపు మీటరుకు 1160 న్యూటన్లు, విశాఖకు 1500 న్యూటన్లు వస్తాయి. దాదాపు 30 శాతం ఎక్కువ. దీన్నింత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, హైదరాబాద్‌లో చేసిన భవనం డ్రాయింగునే పేరు మార్చి విశాఖకు దించేసిన కాగితాలు నా చేతికి వచ్చాయి. మీ డ్రాయింగులో గాలివేగం 50 అని ఉందో లేదో ముందు చూడండి. అంకె అసలే లేకపోతే ఆ డ్రాయింగును వెనక్కి పంపేయండి.

ఇక సిలికాన్ అద్దానికి ఎంత వెడల్పున అంటుకోవాలన్నది తర్వాతి ప్రశ్న. సైటులో దీన్ని బైట్ అంటారు. అద్దం పొట్టి వైపు కొలతలో సగం తీసుకుని గాలి ఒత్తిడితో హెచ్చించాలి. వచ్చినదాన్ని సిలికాన్ మీద వేయదగ్గ భారంతో భాగించాలి. ఆ భారం 0.14 మెగాపాస్కల్, అంటే చదరపు మీటరుకు 1,40,000 న్యూటన్లు. భవనం మూలల దగ్గర, పైఅంచుల దగ్గర పీల్పు నడుమ భాగంకన్నా బాగా ఎక్కువ. అక్కడ ఒత్తిడి 2500 న్యూటన్లని తేలిందనుకుందాం. 1.2 మీటర్ల పొట్టి వైపున్న అద్దానికి 10.7 మిల్లీమీటర్లు వస్తుంది, అంటే 11 మిల్లీమీటర్ల బైట్ కావాలి. లెక్క ఇంకా తక్కువ చూపించినా 6కు దిగకూడదు. మూల అద్దాలకూ నడిమి అద్దాలకూ ఒకే కొలత రాసి ఉంటే ఎందుకని అడగండి. "అన్నిటికీ మూలకు కావలసినంత పెట్టాం" అంటే సంతోషం. "ఎప్పుడూ ఇంతే పెడతాం" అంటే ఆ మాట మీద గోడ కట్టించుకోవద్దు.

0.14 అన్నది సిలికాన్ తెగిపోయే బలం కాదు. అమెరికా వాళ్ల ఏఎస్‌టీఎం సి 1184 ప్రమాణం ప్రకారం స్ట్రక్చరల్ సిలికాన్‌కు, అంటే ఇలా అద్దాన్ని పట్టి ఉంచే రకానికి, కనీస బలం 0.345 మెగాపాస్కల్ ఉండాలి. మంచి సరుకులో అంతకన్నా చాలా ఎక్కువే ఉంటుంది. అంటే లెక్కలోనే కొంత వెసులుబాటు పెట్టారు. ఆ వెసులుబాటు ఉంది తుఫాను కోసం. కాంట్రాక్టరు ట్యూబులు మిగుల్చుకోవడానికి కాదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటిన తర్వాత పగిలిన అద్దాలను చూడటానికి మీ నగరంలో తిరిగాను. ఎగిరొచ్చిన రేకులు, హోర్డింగు ముక్కలు తగిలి పగిలినవి ఎన్నో. వాటికి సిలికాన్‌ను తప్పు పట్టలేం. నేను వెతికింది పగలకుండా ఊడిన అద్దాల ఫ్రేములు. కొన్నిటి మీద నల్లటి సిలికాన్ చిరిగి, రెండు వైపులా గరుకుగా మిగిలి ఉంది. ఆ సిలికాన్ తన బలమంతా పెట్టాకే ఓడిందన్నమాట. మరికొన్నిటి మీద అల్యూమినియం కొత్త పళ్లెంలా తళతళలాడుతోంది, సిలికాన్ పట్టీ పట్టీగా ఊడొచ్చింది. అంటే అది లోహానికి ఎప్పుడూ అంటుకోలేదు. తుఫాను రాక ముందు కూడా ఆ అద్దం అక్కడ ఊరికే నిలబడి ఉంది, అంతే. ఆ ఫ్రేములు చూసినప్పుడు కలిగిన కోపం నాకింకా తగ్గలేదు. కింద నడిచే మనుషులున్నారు కదండీ.

అందుకే మీ సంఘం తరఫున ఒక షరతు రాయించుకోండి. మీ పనికి వాడే అల్యూమినియం సెక్షన్ ముక్క మీద, మీకు వేసే అద్దం ముక్క మీద సిలికాన్ పెట్టి, గట్టిపడ్డాక కత్తితో ఒక కొస లేపి చేత్తో వెనక్కి లాగి చూపించాలి. సిలికాన్ చిరగాలి, ఊడకూడదు. అదే ముక్కను వారం రోజులు నీళ్లలో నానబెట్టి మళ్లీ లాగాలి. సముద్రం పక్కన ఉన్నవాళ్లకు ఈ రెండో పరీక్షే ముఖ్యం. కాస్త ఖర్చయినా కనపడకుండా అద్దం అంచును పట్టే క్లిప్పులు కూడా పెట్టించుకోమంటాను. జర్మనీలో 8 మీటర్ల ఎత్తు దాటితే అలాంటి లోహపు పట్టు ఉండాలన్న నియమం ఉంది. మన తూర్పు తీరానికి అది ఇంకా ఎక్కువ అవసరమని నా అభిప్రాయం.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది రాజమండ్రి దగ్గర పల్లెటూరు. గచ్చిబౌలిలో గ్లేజింగ్ పనిలో చేరాను. సిలికాన్ కొట్టిన మర్నాడే ప్యానెళ్లు పైకెక్కించమంటున్నారు. పైన చర్మం కట్టింది, ఎండాకాలం కాబట్టి తొందరగా ఆరిపోతుంది అంటున్నారు మా సూపర్‌వైజరు గారు. నాకు చెయ్యి పెట్టి చూస్తే లోపల మెత్తగానే ఉన్నట్టుంది. ఎవరిది నిజం?
– గ్లేజింగ్ హెల్పరు, హైదరాబాద్

జవాబు: నీ చెయ్యి చెప్పిందే నిజం తమ్ముడూ.

సిలికాన్ రంగులాగా ఆరదు. ట్యూబులోనో సాసేజ్ అనే మెత్తటి పొట్లంలోనో వచ్చే ఒంటి సిలికాన్ గాలిలోని తేమను తాగి గట్టిపడుతుంది. తేమ పైనుంచి లోపలికి మెల్లగా దిగాలి. రోజుకు 2, 3 మిల్లీమీటర్లు దిగితే గొప్ప. లోతుకు వెళ్లే కొద్దీ ఇంకా నెమ్మదిస్తుంది. పైన మీగడ కట్టినంత మాత్రాన కింద పాలు తోడుకున్నట్టు కాదు కదా, ఇదీ అంతే. హైదరాబాద్ ఎండాకాలంలో వేడి ఉంటుంది గానీ గాలిలో తేమ తక్కువ. కాబట్టి "ఎండకు తొందరగా" అన్న మాట ఈ సరుకు విషయంలో చెల్లదు. పైగా ఎండలో పెట్టిన అల్యూమినియం చెయ్యి కాలేలా ఉంటుంది. ఉపరితలం 50 డిగ్రీలు దాటితే దాని మీద సిలికాన్ పెట్టనే కూడదు. నీడలోకి తెచ్చి, చల్లబడ్డాక పెట్టాలి.

ఒంటి సిలికాన్‌తో స్ట్రక్చరల్ పని చేస్తే ప్యానెల్‌ను వారాల పాటు, మామూలుగా మూడు వారాల దాకా, కదపకుండా ఉంచాలి. అంతకాలం జాగా ఉండదు కాబట్టే పెద్ద పనుల్లో ఫ్యాక్టరీలో రెండు డ్రమ్ముల సిలికాన్ వాడతారు. తెల్లటి బేస్, నల్లటి క్యాటలిస్టు మిషన్లో కలిసి బయటికొస్తాయి. ఇది లోపలా బయటా ఒకేసారి గట్టిపడుతుంది, కొద్ది రోజుల్లోనే కదపవచ్చు. ఎన్ని రోజులన్నది కంపెనీ కాగితం, ఆ రోజు చేసిన పరీక్ష చెప్పాలి. ఎవరి తొందరా చెప్పకూడదు. మీ దగ్గర వాడుతున్నది ఏదో ముందు తెలుసుకో.

మిషన్ పని నీ చేతికి వస్తే పొద్దున్నే చేయాల్సిన పనులు రెండున్నాయి. తెల్ల కాగితం మీద ముద్దంత సిలికాన్ వేసి, కాగితం మడిచి నొక్కి విప్పు. రెక్కలు విప్పిన సీతాకోకచిలుకలా పరుచుకుంటుంది, అందుకే దాన్ని బటర్‌ఫ్లై టెస్టు అంటారు. అంతా ఒకే నలుపుగా ఉంటే కలిసినట్టు. తెల్ల గీతలు కనపడితే మిషన్ ఆపు. ఒక్క ప్యానెల్‌కు కూడా కొట్టకు. రెండోది కప్పు పరీక్ష. చిన్న కప్పులో సిలికాన్ నింపి పుల్ల గుచ్చి, కొన్ని నిమిషాలకోసారి పైకి లాగుతూ ఉండు. మొదట్లో దారంలా సాగుతుంది. ఒక దశలో తెగి వెనక్కి జారుతుంది. ఆ సమయాన్ని తేదీతో సహా పుస్తకంలో రాయి. నిన్నటి సమయానికీ ఇవాళ్టి సమయానికీ బాగా తేడా వస్తే పాళ్లు తప్పాయని అర్థం.

ఇవి మిషన్‌కు చేసే పరీక్షలు. నీ చేతిలో ఉన్నది వీటికన్నా పెద్ద పని. అదే తుడవడం. విశాఖ పాఠకుడికి చెప్పిన ఆ తళతళలాడే ఫ్రేములు తుడవని ఫ్రేములే. రెండు గుడ్డలు పెట్టుకో. నూలు పోగులు రాలని తెల్లవి అయితే మంచిది. మొదటి గుడ్డను ఐపీఏతో, అంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి తుడువు. అది ఆవిరయ్యేలోపే రెండో పొడి గుడ్డతో తుడిచెయ్యి. ఆవిరయ్యేదాకా వదిలేస్తే కరిగిన జిడ్డు మళ్లీ అక్కడే పరుచుకుంటుంది. గుడ్డను సీసాలో ముంచకు, సీసాలోంచి గుడ్డ మీద పోసుకో. తుడిచిన చోట వేలు పెట్టకు. వేలి జిడ్డు చాలు, పట్టు పోవడానికి. ఆ సెక్షన్‌కు ప్రైమర్, అంటే పట్టు పెంచే పూత, రాయాలని కంపెనీ పరీక్షలో తేలి ఉంటే రాయాల్సిందే. ఇంకొకటి, సాఫీగా రావాలని కొందరు సబ్బునీళ్లలో వేలు ముంచి రుద్దుతారు. స్ట్రక్చరల్ జాయింటులో సబ్బునీళ్లు వద్దు. పొడి గరిటెతోనే లోపలికి నొక్కి దిద్దు. అలా చేస్తే గాలి బుడగలు కూడా పోతాయి.

సూపర్‌వైజరుతో గొడవ పెట్టుకోమని చెప్పను, నీ ఉద్యోగం నీకు ముఖ్యం. ప్యానెల్ కొట్టిన ప్రతిసారీ అదే సిలికాన్‌తో ఒక తునక సెక్షన్ మీద కూడా కొట్టి, తేదీ, టైము రాసి పక్కన పెట్టు. మర్నాడు ప్యానెల్ ఎక్కించమన్నప్పుడు ఆయన ముందే ఆ తునకను కోసి చూపించు. లోపల ముద్దగా కనపడితే నువ్వు నోరు విప్పాల్సిన పనే ఉండదు. అయినా ఎక్కించమంటే సైటు ఇంజనీరుకు చూపించు. ప్యానెళ్ల కింద పనిచేసేది నువ్వూ నీ తోటివాళ్లే. సరిగ్గా తుడిచి, టెస్టులు రాసి పెట్టే మనిషికి ఈ పనిలో ఎప్పుడూ గిరాకీ ఉంటుంది. నేర్చుకుంటూనే ఉండు.

ప్రశ్న: కొత్త ఇంట్లో నిలువుటద్దం గోడకు సిలికాన్‌తో అతికించారు. అతికించిన రోజు గదంతా పులుపు వాసన. ఏడాది తిరగకుండానే అద్దంలో నల్ల మచ్చలు వచ్చాయి. అద్దం నాసిరకమా?
– గృహిణి, గుంటూరు

జవాబు: అద్దాన్ని అనకండమ్మా, ట్యూబు తప్పు. ఆ పులుపు వాసన వెనిగర్‌ది. చవక సిలికాన్లు గట్టిపడేటప్పుడు ఎసిటిక్ ఆమ్లం వదులుతాయి. అది అద్దం వెనక వెండి పూతను తినేస్తుంది. ఆ మచ్చలు పోవు, అద్దం మార్చాలి. ఈసారి న్యూట్రల్ క్యూర్ (ఆ ఆమ్లం వదలని రకం) అని రాసి ఉన్నది, అద్దాలకు పనికొస్తుందని ట్యూబు మీద చెప్పినది తెప్పించండి. తయారీ తేదీ, గడువు తేదీ కూడా చూడండి, దుకాణంలో పాతబడిన ట్యూబు సరిగా గట్టిపడదు.

ప్రశ్న: విజయవాడ ఆటోనగర్‌లో చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డు నడుపుతున్నాను. వెదర్ సిలికాన్, స్ట్రక్చరల్ సిలికాన్ రెండూ నల్లగానే ఉంటాయి, రెండూ న్యూట్రలే. రేటులో మాత్రం తేడా. వెదర్ సిలికాన్‌తోనే అద్దాలు అతికిస్తే తప్పేంటి? డబుల్ గ్లాసు యూనిట్లు కూడా పాలీసల్ఫైడ్‌తో చేసినవి చవగ్గా దొరుకుతున్నాయి.
– ఫ్యాబ్రికేటరు, విజయవాడ

జవాబు: రంగు ఒకటే అయినా పనులు వేరు. వెదర్ సిలికాన్‌ను తయారు చేసిందే బాగా సాగడానికి. రెండు అద్దాల మధ్య సందు పెరుగుతూ తరుగుతూ ఉంటే అది కూడా సాగి ముడుచుకుని వాన నీటిని ఆపుతుంది. అంతగా సాగే దాన్ని అద్దాన్ని పట్టుకోవడానికి పెడితే గాలి లాగినప్పుడల్లా అద్దం ముందుకొస్తుంది. ఆ భారానికి దాన్ని ఎవరూ పరీక్షించి ఉండరు. మీరు బిల్లులో స్ట్రక్చరల్ అని రాసి వెదర్ పెడితే అది రేటు తేడా కాదు, మోసం.

పాలీసల్ఫైడ్ అనేది డబుల్ గ్లాసు అంచును మూసే ఇంకో రకం సీలెంటు, దాని సంగతి ఇంకా తేలిక. నాలుగు పక్కలా ఫ్రేములో దాగిన కిటికీకి అది బాగానే పనిచేస్తుంది. స్ట్రక్చరల్ గ్లేజింగ్‌లో యూనిట్ అంచు ఎండకు తెరిచి ఉంటుంది. సూర్యుడి అతినీలలోహిత కిరణాలకు పాలీసల్ఫైడ్ పట్టు వదిలేస్తుంది. లోపలి అద్దాన్ని మీ సిలికాన్ పట్టుకుని ఉంటుంది గానీ బయటి అద్దాన్ని పట్టుకునేవాళ్లుండరు. అలాంటి చోట రెండో సీలు, అంటే రెండు అద్దాలను అంచున కలిపి పట్టే బయటి సీలు, సిలికాన్‌దే కావాలని యూనిట్లు చేసేవాళ్లకు ఆర్డరులోనే రాసివ్వండి.

విజయవాడకు కూడా బేసిక్ గాలివేగం సెకనుకు 50 మీటర్లేనని గుర్తు పెట్టుకోండి.

ప్రశ్న: సిలికాన్ రబ్బరులా మెత్తగా ఉంటుంది కదా. రాయిలా గట్టిపడే ఎపాక్సీ వాడితే ఇంకా బలంగా ఉండదా?
– పాలిటెక్నిక్ విద్యార్థిని, కాకినాడ

జవాబు: మంచి ప్రశ్న అమ్మాయ్. అల్యూమినియం, గాజు వేడికి ఒకేలా పెరగవు. ఒక డిగ్రీకి అల్యూమినియం మీటరుకు 0.023 మిల్లీమీటర్లు పెరిగితే గాజు 0.009 పెరుగుతుంది. 2.4 మీటర్ల ప్యానెల్ తెల్లవారుజాము నుంచి మధ్యాహ్నానికి 40 డిగ్రీలు వేడెక్కితే రెండింటి మధ్య తేడా 1.3 మిల్లీమీటర్లు దాటుతుంది. రోజూ ఇదే సాగుడు, ఇదే ముడుచుకోవడం. మధ్యలో ఉన్నది మెత్తనిదైతే ఈ కదలికను తనలో దాచుకుంటుంది. రాయిలాంటిదైతే తానైనా విరుగుతుంది, గాజునైనా విరుస్తుంది. అందుకే బైట్ ఒక్కటే చాలదు. అద్దానికీ అల్యూమినియానికీ మధ్య సిలికాన్ మందం కూడా కనీసం 6 మిల్లీమీటర్లు ఉండాలంటారు. ఆ మందాన్ని నిలబెట్టేందుకే ముందుగా స్పేసర్ టేపు వేస్తారు. మన సైటుల్లో దాన్ని నార్టన్ టేపు అంటారు.

మరీ బిగువైన పట్టు ఏం చేస్తుందో అమెరికాలోని బోస్టన్ చూసింది. 1973లో అక్కడి జాన్ హాంకాక్ టవర్ కట్టడం పూర్తి కాకుండానే అద్దాలు ఊడి వీధిలో పడ్డాయి. అది సిలికాన్ పని కాదు. డబుల్ గ్లాసు అంచును సీసపు టంకంతో కలిపారు, ఆ అతుకు కదలికకు చోటివ్వలేదు. పగుళ్లు టంకం నుంచి గాజులోకి పాకాయి. చివరికి 10,344 అద్దాలూ మార్చారు. మీ లెక్చరర్ గారిని ఈ కేసు క్లాసులో చెప్పమని అడుగు, బలాన్నీ బిగువునూ విడదీసి చూడటం దీంతో బాగా అర్థమవుతుంది.

ప్రశ్న: దుబాయిలో చాలా ఏళ్లు గ్లేజింగ్ పని చేసి ఈ మధ్యే జగిత్యాల వచ్చేశాను. ఇక్కడ పాత అద్దం భవనాల మెయింటెనెన్స్ పని పట్టుకుందామని ఉంది. సిలికాన్ ఎన్నేళ్లుంటుందని ఓనర్లు అడుగుతున్నారు, ఏం చెప్పాలి? లీకయ్యే చోట ఏం కొట్టాలి?
– పాఠకుడు, జగిత్యాల

జవాబు: మీలాంటి చెయ్యి తిరిగినవాళ్లు ఈ పనిలోకి రావడం చాలా అవసరం అన్నా. అద్దాలు బిగించేవాళ్లు మనకు బోలెడుమంది, తర్వాత వెళ్లి చూసేవాళ్లే లేరు.

నాలుగు వైపులా సిలికానే పట్టుకున్న మొదటి భవనం 1971లో డెట్రాయిట్‌లో వెస్ట్ ఫోర్ట్ స్ట్రీట్‌లో లేచింది. కాబట్టి సరుకు దశాబ్దాలు నిలుస్తుందని ఓనర్లకు ధైర్యంగా చెప్పవచ్చు. ఒక్కో భవనం ఎన్నేళ్లు నిలుస్తుందో మాత్రం దాన్ని చూశాకే చెప్పండి. వెళ్లినప్పుడు ముందు కింది అంతస్తుల అంచులు, నీళ్లు నిలిచే చోట్లు చూడండి. వేలితో నొక్కితే సిలికాన్ అంచు లోహం నుంచి విడివడుతోందా, అద్దం పక్క అద్దంతో సమంగా ఉందా, డబుల్ గ్లాసు లోపల ఆవిరి పట్టిందా, నల్ల రబ్బరు గ్యాస్కెట్ల నుంచి నూనె కారి సిలికాన్ పసుపు రంగుకు తిరిగిందా, ఇవన్నీ ఫొటో తీసి తేదీ వేసి పెట్టండి. అనుమానం ఉన్న చోట ఒకటి రెండు అద్దాలు జాగ్రత్తగా దించి (దీన్నే డీగ్లేజింగ్ అంటారు), సిలికాన్‌ను కోసి లాగి చూడాలి. మీరు అక్కడ చేసే ఉంటారు. ఓనరు దీనికి ఒప్పుకోకపోతే "అంతా బాగుంది" అని మీరు సంతకం పెట్టకండి.

లీకు దగ్గర పాత సిలికాన్ మీద యాక్రిలిక్ గానీ, పీయూ (పాలీయురేథేన్) గానీ, పెయింటు గానీ పూస్తే పట్టవు. సిలికాన్‌కు సిలికానే అంటుకుంటుంది. చెడిన వెదర్ జాయింటును బ్లేడుతో కోసి తీసి, రెండు గుడ్డల పద్ధతిలో తుడిచి, లోపల బ్యాకర్ రాడ్, అంటే సందు నింపే ఫోమ్ తాడు, పెట్టి కొత్తది కొట్టండి. స్ట్రక్చరల్ జాయింటే ఊడితే బయటి నుంచి అతుకు వేయకండి. ఆ ప్యానెల్ దించి, షెడ్డులో మళ్లీ కొట్టి, గట్టిపడ్డాకే ఎక్కించాలి. అప్పటిదాకా ఆ ఖాళీకి ప్లైవుడ్ బిగించి, కింద దారి మూసేయమని ఓనరుకు రాతపూర్వకంగా ఇవ్వండి.